ఒళ్ళో చుక్కాని

"ఏమే అలివేలూ, నీ మొగుడు ఇంకోదాన్ని తెస్తన్నాడంట."

పిచ్చమ్మ ఈ మాట వాకిట్లో నిలబడి, తడి కాళ్ళతో, చంకలో ఖాళీ బిందెతో అన్నది. నీళ్ళ కోసం కృష్ణకి వెళ్ళిన మనిషి నీళ్ళు ముంచుకోవటం మరిచిపోయి వచ్చిందంటే, వార్త ఎంత బరువైనదో బిందె తేలికని బట్టే తెలుసుకోవచ్చు. వసారాలో తెరచాప కుడుతున్న అలివేలమ్మ చేతిలో సూది, గుడ్డలో దిగాల్సింది వేలిలో దిగింది.

"ఎవరన్నారత్తా?"

"ఎవరో అనేదేంది, వాడే అన్నాడు. పడవ నడి ఏట్లోకి పోయినాక గుర్తొచ్చినట్టుంది. చుక్కాని మోకాలితో తొక్కిపెట్టి, చేతులు నోటికి అడ్డం పెట్టుకోని అరిచాడు. 'పెద్దమ్మా, అలివేలుకి చెప్పు, శుక్రవారం పేట నించి ఇంకోదాన్ని తెస్తన్నా' అని. గాలికి రేవులో వాళ్ళకెవరికీ వినపళ్ళా. నేనే అందరికీ విడమరిచి చెప్పొచ్చా."

పిచ్చమ్మకి ఎడమ చెవి పోయి చాలాకాలమైంది. కుడి చెవి గాలివాటం మీద పనిచేస్తుంది. గాలి ఎటుంటే అర్థం అటు. ఆ చెవితో విని ఈ నోటితో ఆమె విడమరిచిన సంగతి విన్నవాళ్ళలో, గాజులమ్ముకోవటానికి అవతలి ఒడ్డుకి పోయే ఆడవాళ్ళు కూడా ఉన్నారు. మధ్యాహ్నం రెండో విడతలో చెన్నకేశవులు వాళ్ళని ఎక్కించుకున్నాడు. పాపం, తన మీద పుట్టిన పుకారుకి తనే తెరచాప ఎత్తి, తనే చుక్కాని పట్టి, క్షేమంగా నైజాం ఒడ్డున దించి వచ్చాడు.

అలివేలమ్మ వేలు నోట్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. ఏడవటానికి కూడా మనిషికి ఎక్కడికో ఒకచోటికి పోయే వీలుండాలి... పుట్టింటికో, దొడ్లోకో, కనీసం ఒక తలుపు చాటుకో. ఆమె బతుకంతా ఈ వసారాకీ ఆ రేవు గట్టుకీ మధ్యనే కదా.

గురజాలకి ఉత్తరాన కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఊరు తుమ్మలరేవు. ఈ ఒడ్డు ఇంగిలీసు వాళ్ళది, ఆ ఒడ్డు నైజాంది. మధ్యనున్న నీళ్ళు మాత్రం చెన్నకేశవులువి, ఎందుకంటే ఆ రేవులో ఉన్నది అతని తెరచాప పడవ ఒక్కటే. అతను పాలు తాగే వయసులో ఉండగా అమ్మా నాన్నా ఇద్దరూ ఒకే పడవలో, ఒకే సుడిలో పోయారు. పడవ ముక్కలైంది. తండ్రి పట్టుకున్న చుక్కాని ఒక్కటే దిగువన ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పిల్లవాణ్ణి పెదనాన్న భార్య పిచ్చమ్మ పెంచింది. తనకి పిల్లలు లేరు, మొగుడు లేడు, ఉన్నది వీడొక్కడే. పెద్దవాడయ్యాక కొత్త పడవ కట్టించి, దానికి ఆ పాత చుక్కానే బిగించి, పెళ్ళి చేసింది. కోడలు గడపలో కాలు పెట్టిన రోజునే ఒక కట్టుబాటు చెప్పింది.

"మొగుడు చుక్కాని పట్టిన పడవలో పెళ్ళాం ఎక్కగూడదే అమ్మా. ఒకరు నీళ్ళ మీదుంటే ఒకరు నేల మీదుండాల. బిడ్డకి ఒక్కరన్నా మిగలాల."

అలివేలమ్మ తలూపింది. అప్పుడు తలూపిన కొత్త కోడలికి, ఇప్పుడు తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి గానీ పడవలో అడుగు పెట్టే రోజు రాలేదు. రేవు దాటే రోజు ఎప్పుడూ రేపే అయింది. పోనీ దిగువ ఊళ్ళో బల్లకట్టు ఉందిగా అంటే, చెన్నకేశవులు ఒంటికాలి మీద లేచేవాడు. "పడవవాడి పెళ్ళాం పరాయి బల్లకట్టెక్కిందంటే నేను తల యాడ పెట్టుకోవాల?" సొంత పడవ కట్టుబాటుకి పోయింది, పరాయి పడవ పరువుకి పోయింది, అలివేలమ్మ గట్టుకి మిగిలింది.

ప్రతి ఏడూ తెరచాప కుట్టేది మాత్రం ఆమే. చిరిగినచోట తన పాత చీరల ముక్కలు, కూతురు అంకాలు చిన్ననాటి ఆకుపచ్చ పరికిణీ ముక్క... అన్నీ ఆ చాపలో చేరాయి. ఆమె బట్టలన్నీ కృష్ణ దాటి వచ్చాయి, ఆమె తప్ప. కిందటేడు అంకాలుకి అవతలి ఒడ్డు సైదులుతో పెళ్ళయింది. పెళ్ళి ఈ ఒడ్డునే చేశారు. మరునాడు కూతురు ఆ పడవే ఎక్కి, ఆ చాప కిందే వెళ్ళిపోయింది. తల్లి మోకాలి లోతు నీళ్ళలో దిగి, అక్కడ ఆగిపోయింది. అప్పట్నించీ తల్లీకూతుళ్ళకి ఒక ఒప్పందం. అంకాలు అత్తగారి రేవులో నల్లరాయి మీద ఎర్రచీర ఆరేస్తే తను బాగున్నట్టు. అలివేలమ్మ రోజూ సాయంత్రం గట్టు మీద నిలబడి చూసేది. ఏటికి అటువైపు గురిగింజంత ఎరుపు. అంతే. కూతురి మొహం బదులు ఆ రంగు చూసి ఇంట్లోకొచ్చి పొయ్యి రాజేసేది.

ఇప్పుడా కూతురికి నెలలు నిండుతున్నాయి. తొలి కానుపుకి శనివారం తీసుకురావాలని అనుకున్నారు. సరిగ్గా ఈ సమయంలో ఇంకోది వస్తోందట.

దీపాలవేళ చెన్నకేశవులు అన్నానికి కూర్చున్నాడు. మాటలు పొదుపుగా వాడే మనిషి, ఆ పూట దురదృష్టవశాత్తూ వాడాడు.

"పెద్దమ్మ చెప్పిందా?"

"చెప్పింది."

"నీకేం ఇబ్బంది లేదుగా?"

"నాదేముంది." కంచంలో పప్పు వడ్డించింది. "ఎట్టాంటిదంట?"

"గట్టిదేనంట. మిలిట్రీ వాళ్ళ దగ్గరుండొచ్చింది. కాకపోతే నోరెక్కువ, రేవంతా వినపడుద్ది. తాగుద్ది గూడా."

"యాడ పెడతావు?"

"వెనకమాల. చోటు చెయ్యాల. నువ్వూ ఒక చెయ్యెయ్యి."

ఆమె అప్పటికే వెయ్యాల్సిన చేతులన్నీ వేసింది ఆ సంసారానికి. ఇంకో చెయ్యి ఎక్కడ్నించి తెస్తుంది... పెరట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కుంది. ఎంతసేపు కడిగినా ఆ చెయ్యి తడిగానే ఉంది, ఎందుకంటే కళ్ళు తుడుచుకుంటున్నది దానితోనే.

శుక్రవారం ఎడ్లబండి వచ్చింది. పిచ్చమ్మ చీపురు పట్టుకుని గుమ్మానికి కుడిపక్కన నిలబడింది. అలివేలమ్మ ఉతికిన చీర కట్టుకుని, హారతి పళ్ళెం పట్టుకుని ఎడమపక్కన నిలబడింది. వచ్చేదాని తప్పేముంది, అదీ ఒకరి కూతురే కదా అని రాత్రంతా తనకి తనే చెప్పుకుని సిద్ధమైంది. బండి మీద టార్పాలిన్ కప్పుకుని ఏదో ఒరిగి ఉంది. పక్కన నరసరావుపేటలో బియ్యపు మిల్లులకీ కార్లకీ రిపేర్లు చేసే మీరా సాహెబు కూర్చున్నాడు. చెన్నకేశవులు పెళ్ళికొడుకులా మురిసిపోతూ టార్పాలిన్ లాగాడు.

ఇనుము. పైన గుండ్రటి టోపీ, కింద పొడుగాటి కాలు, కాలి చివర రెక్కలు.

"ఏందయ్యా ఇది?" అన్నది అలివేలమ్మ.

"చెప్పా గదా. ఇంజన్ని తెస్తన్నానని. పడవకి వెనక బిగించేది. జర్మనీ యుద్ధం అయిపోయిందిగా, మిలిట్రీ వాళ్ళు మద్రాసులో వేలంపాట పెడితే సాయిబన్న పట్టుకొచ్చాడు."

"పెట్రోలు తాగుద్ది చెల్లెమ్మా, అంతకు మించి పాపం ఏం తెలీదు దీనికి," అన్నాడు మీరా సాహెబు.

అలివేలమ్మకి ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. రెండూ గుమ్మంలో ఒకదానికొకటి దారి ఇవ్వక తగులుకుంటే, హారతి పళ్ళెం ఆ ఇనప కాలు చుట్టూ తిప్పి, దానికే బొట్టు పెట్టి, ఇంట్లోకి పరుగెత్తింది. పిచ్చమ్మ చీపురు మెల్లిగా తలుపు వెనక పెట్టింది.

కథ అక్కడితో ముగిసేదే. కానీ పుకారు అప్పటికే ఏరు దాటింది కదా.

మరునాడు చెన్నకేశవులు కూతుర్ని తీసుకురావటానికి తెరచాప ఎత్తి వెళ్ళాడు. పొద్దు వాలుతుండగా ఒక్కడే వచ్చాడు. పైన ఎక్కడో వానలు కురిసి ఏరు ఎర్రబడింది, నిమిష నిమిషానికీ లేస్తోంది. రేవులో అంకాలు లేదు, సైదులు లేడు, గొర్రెల బేరగాడెవరో వియ్యపురాలు ఈదమ్మ చెప్పమన్న మాట చెప్పి పోయాడట. ఊళ్ళోకి పోయి అడిగే లోపల పడవ దక్కదని తిరిగొచ్చేశాడు.

"సవితి తల్లి ఉన్న ఇంటికి మా కోడల్ని కానుపుకి పంపేది లేదంది. ఈ సవితి తల్లెవరే?"

అందరూ పిచ్చమ్మ వైపు చూశారు. పిచ్చమ్మ బిందె వైపు చూసింది.

ఆ తర్వాత ఏరు పొంగింది. ఆ ఎర్రనీళ్ళలో తెరచాప పడవ దించితే దాటటం అటుంచి, దిగువ ఊరి బల్లకట్టు దగ్గర తేలటమే. ఆ బల్లకట్టూ ఆపేశారట. ఆ మాట అబద్ధమని చెప్పటానికి మనిషి పోయే దారి లేదు, అరిస్తే ఏటి హోరులో అరుపు గట్టు దిగదు. అలివేలమ్మ వానలో తడుస్తూ గట్టు మీదే నిలబడేది. మొదటి సాయంత్రం గురిగింజంత ఎరుపు కనిపించింది. ఆ తర్వాత కనిపించలేదు. ఎంత చూసినా ఆ ఒడ్డున నీళ్ళూ మబ్బూ తప్ప ఏమీ లేదు. పైన ఆకాశం మూత, కింద ఏరు, వెనక ఇల్లు... మూత పెట్టిన కుండలో ఎసరులా ఆమె గుండె లోలోపలే ఉడికింది. అక్కడ తన బిడ్డ, అమ్మ మీద సవతి వచ్చిందని కుమిలిపోతూ నొప్పులు పడుతోందేమో. పిలుస్తోందేమో. పిలిచినా వినపడదు కదా. తన ఇంట్లో చెవిటిది అత్త ఒక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ. ఏటికి ఈ వైపున్న తల్లి అంతకన్నా చెవిటిది.

"ఏమయ్యా, ఆ ఇంజన్ని ఇప్పుడు బిగించలేరా?" అని ఆమే అడిగింది. ఆ ఇంట్లో ఆమె ఏదన్నా అడగటం అదే మొదలు.

ఇంజను బిగించిపోదామని ఊళ్ళోనే ఆగిన మీరా సాహెబు పడవ వెనక కూర్చుని, చేత్తో తడిమి, తేల్చి చెప్పాడు. "తమ్ముడూ, చుక్కాని తియ్యాల. ఇది కూర్చునే చోటదే. దీని పిడి ఎటు తిప్పితే పడవ అటు తిరుగుద్ది. ఇంక చుక్కానితో పని లేదు."

చెన్నకేశవులు మొహం నల్లబడింది. "అది మా నాయన చెయ్యి పట్టిన చుక్కాని. అది తీస్తే నేను పడవవాణ్ణే గాను. పక్కన బిగించు."

"పక్కన బిగిస్తే పక్కకే పోద్ది."

"బిగించన్నా."

బిగించారు. అడ్డదూలం కట్టి, మోకుతో బిగించి, ఇంజన్ని పడవ పక్కకి వేలాడదీశారు. పిచ్చమ్మ తన తప్పు దిద్దుకోవాలనుకుందో ఏమో, కొత్త బండికి కట్టినట్టు ఇంజను కాలికి బంతిపూల దండా నిమ్మకాయలూ రెక్కల దాకా చుట్టబెట్టింది. సాహెబు తాడు లాగాడు. ఇంజను ఒక్కసారి గర్జించి, దండని మింగి, గొంతుకి అడ్డం పడి ఆగిపోయింది. భక్తి రెక్కలకి చుట్టుకుంది. దారపు పోగులు కత్తితో కోసి తీసేసరికి సగం పూట గడిచింది. మళ్ళీ లాగితే ఈసారి తిరిగింది. ఇంజనూ తిరిగింది, పడవా తిరిగింది. చుక్కాని ఒకవైపు లాగితే, పక్కనున్న ఇంజను రెండో వైపు తోసింది. రేవు పక్క మడుగులో గానుగెద్దులా పడవ గుండ్రంగా తిరుగుతూనే ఉంది. గట్టు మీదివాళ్ళు నవ్వారు. అలివేలమ్మ మాత్రం నవ్వలేదు. పెళ్ళయిన నాటినించీ తనూ అలాగే తిరుగుతోంది, ఇంటి చుట్టూ, పొయ్యి చుట్టూ, ఒకరు అటు లాగితే ఒకరు ఇటు తోస్తుంటే... ముందుకి ఒక్క అడుగు పడకుండా.

"వెనక పలక గూడా పల్చనిది," అన్నాడు సాహెబు ఒడ్డుకొచ్చి నుదురు తుడుచుకుంటూ. "చుక్కాని తీసినా మందపాటి టేకు చెక్క కావాల. ఈ వరదలో చెక్క కోసం పేట దాకా పోయేదెవరు?"

అలివేలమ్మ ఇంట్లోకి వెళ్ళింది. అటక మీద గుడ్డలో చుట్టి పెట్టిన పెళ్ళిపీట దించి తెచ్చింది. దాని మీద ఆమె కూర్చుంది, ఆ తర్వాత అంకాలు కూర్చుంది. పసుపు మరకలు ఇంకా ఉన్నాయి. పీటని మొగుడి కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఇది నా బిడ్డ కూర్చున్న పీట. అది మీ నాయన పట్టిన చుక్కాని. నేనిది ఇస్తన్నా. నువ్వది తియ్యి."

చెన్నకేశవులు చాలాసేపు పీటనే చూశాడు. ఎప్పుడూ ఒక్క మాటా అడగని మనిషి ఇచ్చినప్పుడు, ఇవ్వను అనటానికి గొంతు రాదు. నీళ్ళలోకి దిగి, కొక్కేలు తనే ఊడదీసి, చుక్కానిని బిడ్డని ఎత్తుకొచ్చినట్టు రెండు చేతుల మీదా తెచ్చి ఇంటి గోడకి ఆనించాడు.

సాహెబు పీటకి చిల్లులు వేసి, వెనక పలకకి బోల్టులతో బిగించి, ఇంజన్ని దాని మీద కూర్చోబెట్టాడు. పేట నించి వచ్చినది పీట మీద కూర్చుంది. తాడు లాగితే పడవ ఈసారి గీత గీసినట్టు నేరుగా పోయి, మడుగు అంచు దాకా వెళ్ళి, చెప్పిన చోట తిరిగి వచ్చింది.

"ఇంక నేనూ సాయిబన్నా పోయొస్తాం," అన్నాడు చెన్నకేశవులు. "కబురు తెస్తాం."

కబురు. ఇన్నాళ్ళూ అలివేలమ్మ వాటాకి వచ్చింది అదే కదా, కబురు. ఆమె గోడ వైపు చూసింది. గోడకి ఆని ఉన్న చుక్కానిని చూసింది. గుమ్మంలో కూర్చున్న పిచ్చమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె కుడి చెవి దగ్గరికి వంగింది.

"అత్తా. చుక్కాని గోడకుంది. పడవలో మీవాడి చేతిలో లేదు."

పిచ్చమ్మ ఏటి వైపే చూస్తోంది. వినిపించలేదనుకుని అలివేలమ్మ మళ్ళీ చెప్పబోయింది.

"వినపడింది," అన్నది పిచ్చమ్మ. "నీళ్ళకి చుక్కానేందో ఇంజనేందో తెలవదే. వాళ్ళిద్దరూ పోయిన్నాడు ఇట్టాగే ఎర్రనీళ్ళు. వీడు ఈ గుమ్మంలోనే పాలకేడుస్తా కూర్చున్నాడు. నా రొమ్ములో పాలు లేవు. ఆ ఏడుపు నాకీ చెవిటి చెవుల్లో ఇంకా వినపడతనే ఉంది. అందుకే నిన్ను ఒడ్డున దాచా. నీ మీద కోపంతో గాదు."

"తెలుసత్తా. బిడ్డ కోసమే దాచావు." అలివేలమ్మ ఏటి అవతలికి చెయ్యి చూపించింది. "నా బిడ్డ ఆ ఒడ్డునుంది గదా... మరి ఇక్కడ నన్నెవరి కోసం దాస్తన్నావు?"

ముసలామె కళ్ళు కోడలి మొహం మీద ఆగాయి. పిచ్చమ్మ గోడ పట్టుకుని లేచింది. చుక్కానిని ఈడ్చుకుంటూ గట్టు దాకా వెళ్ళింది. సాయం రాబోయిన చెన్నకేశవుల్ని చేత్తో వారించింది. నీళ్ళకి ఎదురుగా బురదలో కూలబడి, ఆ బరువంతా ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుంది.

"నా ఒళ్ళో ఉన్నంతసేపూ ఇది ఎవరి చేతిలోనూ ఉన్నట్టు గాదు. నేను లేవను. నువ్వు పో."

అలివేలమ్మ మడతపెట్టిన తెరచాప చంకన పెట్టుకుంది. అది ఎందుకో ఆమెకే తెలియదు. వట్టి చేతులతో పోవటం అలవాటు లేక కావచ్చు. మోకాలి లోతు నీళ్ళ దాకా వచ్చింది. కూతుర్ని సాగనంపిన చోట, ఇన్నేళ్ళూ ఆగిన చోట కాళ్ళు వాటంతటవే ఆగాయి. చెన్నకేశవులు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి ఆమెకి కంచం దగ్గర తెలుసు, జ్వరంలో తెలుసు, పెళ్ళి పీట మీద తెలుసు. పడవలోనించి చాచగా చూడటం అదే మొదలు. పట్టుకుని ఎక్కింది.

ఏటి మధ్యకి వచ్చాక ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగింది. తన ఇల్లు కనిపించింది. ఇంత చిన్నదా? ఇన్నేళ్ళూ తనని పట్టి ఉంచినది ఈ మట్టిపిడతంత ఇల్లా? దాని ముందు గట్టు మీద తెల్లటి చుక్కలా పిచ్చమ్మ. అప్పుడే ఇంజను దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. పడవ పక్కకి తిరిగి ఒక్క ఊపున దిగువకి కొట్టుకుపోసాగింది. చెన్నకేశవులు చెయ్యి అలవాటుగా చుక్కాని కోసం వెనక్కి పోయి, గాలిని పట్టుకుంది.

"ప్లగ్గు తడిసింది. పొడి గుడ్డ ఏదన్నా..." అన్నాడు సాహెబు.

ముగ్గురి ఒంటి మీదా పొడి దారం లేదు. అలివేలమ్మ తెరచాప మడతల్లోకి చెయ్యి దూర్చింది. లోపలి మడత పొడిగా ఉంది. పంటితో కొరికి, పర్రున చించి, చేతికొచ్చిన ముక్క ఇచ్చింది. అది ఆకుపచ్చ పరికిణీ ముక్క. సాహెబు దానితో ప్లగ్గు తుడిచి, బిగించి, తాడు లాగాడు. ఒకసారి, మళ్ళీ, ఇంకోసారి... ఇంజను అందుకుంది. అలివేలమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి నైజాం ఒడ్డు ఎదురుగా ఉంది.

ఆ చప్పుడుకి ఊరంతా రేవుకి దిగింది. చెన్నకేశవుల్ని ఎరగనివాళ్ళు లేరు. అతని పెళ్ళాం మొహం మాత్రం ఈదమ్మ ఇంటివాళ్ళు తప్ప ఆ ఒడ్డున ఎవరూ చూసి ఎరగరు. ఎలా చూస్తారు? తడి చీరతో, చంకన చాపతో, మొగుడి చెయ్యి పట్టుకుని దిగుతున్న ఆమెని చూసి గుంపులో ఆడవాళ్ళు గుసగుసలాడారు.

"గీమెనేనట కొత్తామె."

"వయసు మళ్ళినదాన్నే తెచ్చిండు గదనే."

"సిగ్గు లేకుంట కానుపు ఇంటికే తోలుకొచ్చిండు."

అలివేలమ్మ బతుకులో ఎన్నో మాటలు పడింది గానీ, తనకి తనే సవతిగా నిలబడటం ఇదే మొదలు. అంతలో ఈదమ్మ గుంపుని తోసుకుంటూ వచ్చింది, తిట్టటానికి కొంగు బిగించి మరీ. వచ్చి, ఆగి, నోరు తెరిచింది.

"వదినె... నువ్వా? నువ్వు పడవెక్కినవా?"

"బిడ్డేదీ?" అన్నది అలివేలమ్మ.

"లోపలుంది. పొద్దటిసంది నొప్పులు."

"ఎర్రచీర ఆరెయ్యలేదేం వదినా? ప్రాణాలు పోయినయ్యి."

"ఏడ ఆరేస్తది? నల్లరాయి మునిగె గద."

ఈదమ్మ ఇల్లు ఒంటి నిట్టాడి పాక, కప్పు మోసేది మధ్యనున్న ఆ ఒక్క నిలువు గుంజే. కప్పు ఒకవైపు కారుతోంది, గాలి ఒకవైపు కొడుతోంది. చాటు లేక మంచానికి అడ్డంగా గోనె పట్టలు కట్టి ఉన్నాయి. అలివేలమ్మ చంకలో చాప విప్పి, నిట్టాడికీ గోడకీ కట్టింది. ఇన్నేళ్ళూ గాలిని పట్టినది ఆ పూట గాలిని ఆపింది. తెరచాప తెర అయింది. దాని వెనక చెమటతో తడిసిన అంకాలు కళ్ళు తెరిచి, కుట్లు గుర్తుపట్టి, ఆ వెనకే మనిషిని గుర్తుపట్టింది.

"అమ్మా... కలా?"

"కల గాదురా. చెయ్యిటివ్వు."

"నాయన ఇంకోదాన్ని..."

"తెచ్చాడు. దాని మీదెక్కే వచ్చా. ముందు ఊపిరి పీల్చు."

వెలుగుండగానే ఆడపిల్ల పుట్టింది. బొడ్డు కోసి, స్నానం పోసి, బిడ్డని తల్లి పక్కన పడుకోబెట్టాక అలివేలమ్మ ఎర్రచీర అడిగి తీసుకుంది. రేవుకి వెళ్ళి, పడవలో చాప లేని తెరకొయ్యకి దాన్ని కట్టింది. అవతలి గట్టు మీద తెల్లటి చుక్క కదిలింది. ముసలామె లేవలేదు, ఒళ్ళో బరువు దించలేదు. చెయ్యి మాత్రం ఎత్తింది.

ఈదమ్మ వచ్చి పక్కన నిలబడింది. "తప్పయింది వదినె. ఎవరో అన్నది పట్టుకోని బిడ్డని పంపకపోతి. నువ్విట్ల ఏరు దాటొస్తవని నాకేమెరుక?"

"నాకు మాత్రం తెలుసా వదినా."

వరద తీశాక తల్లినీ బిడ్డనీ ఇంజను పడవలో తుమ్మలరేవుకి తెచ్చారు. ఆ ఎరుపు చూసిన రాత్రే గట్టు మీద నించి లేచి, వసారాలో దూలాలకి అడ్డంగా ఆ పాత చుక్కానిని మోకుతో బిగించి, దానికి ఉయ్యాల కట్టించి ఉంచింది పిచ్చమ్మ. "ఇంక దీన్ని ఎవరూ అడగబాకండి. దీని పని అయిపోలా, ఇక్కడుంది," అన్నది. పసిదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. ఈదమ్మ వచ్చింది, గాజులమ్మేవాళ్ళు వచ్చారు, మీరా సాహెబు భార్య అబిదాతో బండి మీద వచ్చాడు. వచ్చినవాళ్ళందరి ముందూ చెన్నకేశవులు పెద్దమ్మ కుడి చెవి దగ్గర కూర్చుని, ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాడు.

"పెద్దమ్మా, ఆ రోజు నేనన్నది ఇంజన్ని. ఇం... జ... న్ని. నువ్వు విన్నది ఇంకోదాన్ని. ఊరంతా చెప్పింది నువ్వు. వాళ్ళు పడవెక్కి మా వియ్యపురాలికి చెప్పారు. అయిందా అందరికీ? నాకున్నది ఒక్క పెళ్ళామే."

అందరూ నవ్వారు. అలివేలమ్మ కూడా నవ్వింది, పడవ దిగిన తడి కాళ్ళు గుమ్మంలో తుడుచుకుంటూ. పిచ్చమ్మ మాత్రం నవ్వలేదు. ఒళ్ళో పిల్ల బుగ్గ మీద వేలు పెట్టి, కొడుకు వైపు తలెత్తి చూసింది.

"నేను విన్నదాంట్లో తప్పేందిరా? ఇంటికి ఇంకోదాన్ని తెస్తావన్నా. తెచ్చావుగా."